పది మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటర్లకు పెల్లెట్ల ఎంపిక, పరీక్ష, సంరక్షణ: సమగ్ర మార్గదర్శి

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. దాని మీద పడే పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుండు) వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ కేంద్రం చుక్క కేంద్రానికి 2.5 మిల్లీమీటర్ల దూరంలో పడితే 10.0 వస్తుంది. అక్కడి నుంచి పావు మిల్లీమీటరు లోపలికి జరిగిన కొద్దీ ఒక్కో దశాంశం పెరుగుతూ 10.9 దగ్గర ఆగుతుంది. అర్హత రౌండులో 60 షాట్లకు దొరికే గరిష్ఠం 654.0. ఫైనల్‌కు చేరేవారికీ అంచున ఆగిపోయేవారికీ మధ్య తేడా చాలాసార్లు దశాంశాల్లోనే ఉంటుంది కాబట్టి, ఈ క్రీడలో లెక్క అంతా పావు మిల్లీమీటరులో నడుస్తుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

అయినా మన వైపు, అంటే హనుమకొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో శిక్షణ పొందుతున్న పిల్లలను గమనిస్తే, జాకెట్టు కోసం, బూట్ల కోసం, రైఫిల్ కోసం కుటుంబాలు అప్పు చేసి మరీ ఖర్చు పెడుతున్నాయి కానీ, పెల్లెట్లు మాత్రం ఏ డబ్బా దొరికితే ఆ డబ్బా కొనేస్తున్నాయి. రైఫిల్ ఎంత మంచిదైనా దానికి నప్పని పెల్లెట్ వేస్తే ఆ ఖర్చులో కొంత భాగం ప్రతి షాటుకూ వృథా అవుతుంది. పెల్లెట్లను ఎంచుకోవడం, పరీక్షించడం, చూసి వేరు చేయడం, దాచడం అనే నాలుగు పనులను ఇంటి దగ్గరే క్రమపద్ధతిలో ఎలా చేసుకోవాలో ఇందులో వివరిస్తున్నాను.

చట్టం ఏమంటుంది, రీలోడింగ్ నుంచి ఏం తీసుకోవాలి

విదేశీ షూటర్లు ఇంట్లో బల్లకు బిగించిన ప్రెస్సుతో, కాల్చిన ఖాళీ తొడుగులను మళ్లీ నింపి తూటాలు తయారు చేసుకునే (దీన్నే రీలోడింగ్ అంటారు) వీడియోలు చూసి, మనమూ అలా చేయవచ్చా అని కుర్రవాళ్లు తరచుగా అడుగుతుంటారు. దీనికి సూటి సమాధానం ఉంది: చేయకూడదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలు గానీ మందుగుండు గానీ తయారు చేయడం నేరం, దానికి కఠినమైన జైలు శిక్షలు ఉన్నాయి. తూటాలో వాడే మందు, ఆ మందును అంటించే ప్రైమరు వంటివి కూడా ప్రభుత్వ నియంత్రణలో ఉండే వస్తువులే. ఈ విషయంలో ఎవరి సలహా విన్నా, ఎంత చిన్న ప్రయోగమైనా, చిక్కుల్లో పడేది షూటరే. అతని క్రీడా జీవితం అక్కడితో ముగిసిపోతుంది.

అయితే ఆ పని వెనక ఉన్న క్రమశిక్షణను నేర్చుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. టెక్సాస్‌లో స్థిరపడిన మా బావ అక్కడి చట్టం అనుమతించిన మేరకు వారాంతాల్లో తన గ్యారేజీలో ఈ పని చేస్తుంటాడు. ఆయన దగ్గర ఉన్నది సింగిల్ స్టేజ్ ప్రెస్. అందులో ఒకసారికి ఒక్క డై (తొడుగును మలిచే అచ్చు) మాత్రమే బిగుస్తుంది, పిడి ఒకసారి దించితే ఒక్క పని మాత్రమే అవుతుంది. వంద ఖాళీ తొడుగులు ఉంటే, వందకూ మొదటి పని ముగిశాకే డై మార్చి రెండో పని మొదలుపెడతారు. పిడి దించినప్పుడల్లా నాలుగైదు పనులు ఒకేసారి జరిగే ప్రోగ్రెసివ్ ప్రెస్సుతో పోలిస్తే ఇది చాలా నెమ్మది. కానీ ప్రతి తొడుగూ ప్రతి దశలోనూ మనిషి వేళ్ల మధ్య నుంచి, కళ్ల ముందు నుంచి వెళుతుంది కనుక లోపం ఉన్నది ఏదో ఒక దశలో పట్టుబడుతుంది. గురి పోటీల కోసం రీలోడ్ చేసేవారిలో చాలామంది ఇప్పటికీ ఈ నెమ్మది యంత్రాన్నే నమ్ముకోవడానికి కారణం ఇదే.

ప్రైమరు ఎక్కించే పనిని ఆయన ప్రెస్సు మీద కాకుండా చేతిలో ఇమిడే చిన్న పనిముట్టుతో చేస్తాడు. ప్రెస్సు పిడి పొడవు వల్ల చేతికి బలం ఎక్కువ వస్తుంది, దాంతో లోపల ఏం జరుగుతోందో వేళ్లకు తెలియదు. చేతి పనిముట్టులో మాత్రం ప్రైమరు గూట్లోకి జారడం, అడుగుకు తాకి ఆగడం బొటనవేలికి స్పష్టంగా తెలుస్తాయి. గూడు వదులుగా ఉంటే ఆ తేడా కూడా వెంటనే తెలుస్తుంది, ఆ తొడుగును పక్కన పెట్టేస్తారు. ఒకసారికి ఒకే పని, ఒక దశ మొత్తం ముగిశాకే తరువాతి దశ, చేతికి తెలిసిన తేడాను నమ్మడం అనే ఈ మూడు సూత్రాలూ మన పెల్లెట్ల పనికి అక్షరాలా వర్తిస్తాయి.

ఇంకొక విషయం చెప్పాలి. యాభై మీటర్ల పోటీల్లో వాడే పాయింట్ టూ టూ తూటాను విదేశాల్లో కూడా మామూలుగా రీలోడ్ చేయరు. దానిలో ప్రైమరు విడిగా ఉండదు, నిప్పు పుట్టించే పదార్థం తొడుగు అంచు లోపలే ఉంటుంది. అందుకే ఆ విభాగంలోని పెద్ద షూటర్లు తమ రైఫిల్‌ను తూటాల తయారీదారుల పరీక్షా కేంద్రాలకు తీసుకువెళ్లి, ఒక్కో లాట్‌ను, అంటే ఒకే విడతలో తయారైన సరుకును, కాల్చి చూసి, తమ బ్యారెల్‌కు నప్పిన లాట్‌నే కొంటారు. ఎలీ, లాపువా వంటి సంస్థలకు ఇలాంటి కేంద్రాలు ఉన్నాయి. వాళ్లు తూటాలతో చేసే లాట్ పరీక్షనే మనం పెల్లెట్లతో చేయబోతున్నాం.

ఎయిర్ రైఫిల్ విషయానికి వస్తే, బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం) 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌల్స్ మించకుండా ఉన్నదానికి 2016 ఆయుధ నియమాల ప్రకారం ఆయుధ లైసెన్సు అక్కరలేదు. పోటీ రైఫిళ్ల శక్తి సుమారు 7.5 జౌల్స్ దగ్గరే ఉంటుంది. కొనేటప్పుడు గుర్తింపు, చిరునామా పత్రాల నకళ్లు ఇచ్చి, రసీదు తీసుకొని, ఆ రసీదును రైఫిల్ పెట్టెలోనే ఉంచుకోవడం మంచిది. బస్సులోనో రైలులోనో ఎవరైనా అడిగితే చూపించడానికి అది పనికి వస్తుంది.

పరీక్షకు చోటు

పది మీటర్ల దూరానికి, షూటర్ నిలబడే చోటు, పెల్లెట్ ట్రాప్ (టార్గెట్ వెనక పెల్లెట్లను పట్టే పెట్టె) కలుపుకుంటే పన్నెండు మీటర్ల పొడవు కావాలి. మన పాత ఇళ్లలో వీధి వాకిలి నుంచి పెరటి దాకా తిన్నగా సాగే నడవలు ఉంటాయి, అవి ఇందుకు బాగా సరిపోతాయి. డాబా మీద మాత్రం పెట్టకండి. గాలి పరీక్షను పాడు చేస్తుంది, అంతకంటే ముఖ్యంగా పిట్టగోడ దాటిన పెల్లెట్ ఎవరి కంటికి తగులుతుందో చెప్పలేం. టార్గెట్ వెనక ఇటుక గోడ ఉండాలి, మధ్యలో ఎక్కడా తలుపు తెరుచుకునే వీలు ఉండకూడదు. టార్గెట్ కేంద్రం నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తులో ఉండాలన్నది పోటీ నియమం. వైస్‌తో (రైఫిల్‌ను దవడల మధ్య బిగించి పట్టే పనిముట్టు) పరీక్షించేటప్పుడు అది బల్ల ఎత్తుకు ఉన్నా ఫరవాలేదు, కానీ రైఫిల్, టార్గెట్ ఒకే మట్టంలో ఉండాలి. కళ్లద్దాలు షూటర్‌తో పాటు ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తప్పనిసరి.

కావలసిన సామాను పెద్దదేమీ కాదు. వడ్రంగులు వాడే గట్టి వైస్ ఒకటి, దాని దవడలకు అతికించడానికి మందపాటి తోలు లేదా నమ్దా, ఒక వెర్నియర్ కాలిపర్, ఒక భూతద్దం, తెల్లటి మెత్తని గుడ్డ, ఒక అడుగు పొడవున్న గాజు పలక, పోటీలో వాడే అసలైన టార్గెట్ కాగితాలు, ఒక నోటు పుస్తకం. మామూలు కాగితం మీద రంధ్రం చిరిగిపోయి అంచు తెలియదు కనుక టార్గెట్ కాగితం దగ్గర పొదుపు వద్దు.

మొదటి దశ: లాట్లను సేకరించడం

పోటీ పెల్లెట్లు సీసంతో చేసినవి. ముందు భాగం చదునుగా, నడుము సన్నగా, వెనక భాగం బోలుగా ఉంటుంది. ముందు భాగాన్ని హెడ్ అనీ, వెనక పలుచటి అంచును స్కర్ట్ అనీ అంటాం. చదును హెడ్ కాగితాన్ని గుండ్రంగా, శుభ్రంగా కోస్తుంది. రైఫిల్‌కు సాధారణంగా 0.53 గ్రాముల బరువున్నవి వాడతారు, పిస్టల్‌కు అంతకంటే తేలికైనవి వాడడం ఎక్కువ. డబ్బా మీద 4.49, 4.50 వంటి హెడ్ కొలత ఒకటి ఉంటుంది, తయారీ లాట్ సంఖ్య ఇంకొకటి ఉంటుంది. చాలామంది హెడ్ కొలత మాత్రమే చూసి కొంటారు. నా దృష్టిలో లాట్ సంఖ్యే ఎక్కువ ముఖ్యం. ఒకే కొలత రాసి ఉన్న రెండు లాట్లు ఒకే బ్యారెల్‌లో వేర్వేరుగా పడడం మామూలే. అచ్చులు అరిగి మారుస్తుంటారు, సీసం మిశ్రమంలో స్వల్పమైన తేడాలు వస్తుంటాయి, ఇవేవీ హెడ్ కొలతలో కనిపించవు.

ఆర్‌డబ్ల్యుఎస్, హెచ్ అండ్ ఎన్, జేఎస్‌బీ వంటి సంస్థల పోటీ పెల్లెట్లు సాధారణంగా 500 ఉన్న డబ్బాల్లో వస్తాయి. ఒక్కరే నాలుగైదు లాట్లు కొనడం మధ్యతరగతి కుటుంబానికి భారం. అందుకే నలుగురు షూటర్లు కలిసి తలా ఒక లాట్ డబ్బా కొని, ప్రతి డబ్బా నుంచి డెబ్భై చొప్పున పంచుకుంటే, నలుగురికీ నాలుగు లాట్లు పరీక్షించే అవకాశం దొరుకుతుంది. ఒకరి బ్యారెల్‌కు నప్పినది ఇంకొకరి బ్యారెల్‌కు నప్పకపోవచ్చు కాబట్టి పరీక్ష మాత్రం ఎవరి రైఫిల్‌తో వారే చేసుకోవాలి. పంచుకునేటప్పుడు ప్రతి పొట్లం మీద సంస్థ పేరు, హెడ్ కొలత, లాట్ సంఖ్య రాయడం మరిచిపోతే ఆ శ్రమంతా వృథా అవుతుంది.

రెండో దశ: కంటితో చూసి వేరు చేయడం

పరీక్షకు ముందే ప్రతి లాట్‌లోని దెబ్బతిన్నవాటిని తీసివేయాలి, లేకపోతే ఒక వంకర పెల్లెట్ వల్ల మంచి లాట్‌కు చెడ్డ పేరు వస్తుంది. డబ్బాను గుడ్డ మీద బోర్లించి గుమ్మరించకండి. డబ్బా అంచును గుడ్డకు ఆనించి, వంచి, అవి వాటంతట అవే జారేలా చేయండి. సీసం ఎంత మెత్తనిదంటే, జానెడు ఎత్తు నుంచి ఒకదాని మీద ఒకటి పడ్డా స్కర్ట్ నొక్కుకుపోతుంది.

ఉదయం పూట కిటికీ పక్కన కూర్చుని, వెలుతురు పక్క నుంచి పడేలా చూసుకుని, ఒక్కో పెల్లెట్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య నడుము దగ్గర పట్టుకొని నెమ్మదిగా తిప్పండి. స్కర్ట్ అంచు మీద వెలుగు సన్నటి తెల్ల గీతలా కదులుతుంది. అంచు బాగుంటే ఆ గీత తెగకుండా చుట్టూ తిరుగుతుంది. ఎక్కడైనా నొక్కు ఉంటే అక్కడ గీత ఒక్క క్షణం విరిగి, మళ్లీ అందుకుంటుంది. భూతద్దం కింద చూస్తే ఆ చోట అంచు లోపలికి వంగి ఉండడం గానీ, వెంట్రుకంత సన్నని సీసపు పొర వేలాడుతుండడం గానీ కనిపిస్తుంది. అలాంటివి ప్రాక్టీసుకు కూడా వద్దు, సీసం డబ్బాలో వేసేయండి. హెడ్ అంచున గీతలు, లోపల అతుక్కున్న సీసపు పొడి ఉన్నవాటిని కూడా తీసేయాలి.

గాజు పలకను ఒక వైపు కొద్దిగా ఎత్తి పెట్టి, పెల్లెట్లను ఒకే చోటు నుంచి దొర్లించడం ఇంకో పద్ధతి. హెడ్, స్కర్ట్ వ్యాసాలు వేరు కనుక పెల్లెట్ తిన్నగా దొర్లదు, వంపుగా దొర్లుతుంది. ఒకే లాట్‌లోనివి దాదాపు ఒకే వంపుతో దొర్లి ఒకే చోటికి చేరాలి. మిగిలినవాటికి దూరంగా వెళ్లినవాటి హెడ్ లేదా స్కర్ట్ కొలతలో తేడా ఉందని అర్థం. ఈ పని త్వరగా అవుతుంది, పిల్లలు ఇష్టంగా చేస్తారు, కంటికి చిక్కని లోపాలు ఇక్కడ చిక్కుతాయి.

ఇక బరువు తూచడం. కంసాలి బంగారం తూచినంత శ్రద్ధగా మిల్లీగ్రాముల త్రాసుతో ఒక్కో పెల్లెట్‌ను తూచేవారు ఉన్నారు. పది మీటర్ల దూరానికి ఇది ఎంత అవసరమో లెక్క వేసి చూద్దాం. పెల్లెట్ వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు అనుకుంటే పది మీటర్లు దాటడానికి సెకనులో దాదాపు వందో వంతులు ఆరు పడుతుంది. ఆ సమయంలో భూమ్యాకర్షణ వల్ల అది దాదాపు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. బరువులో ఒక శాతం, అంటే అయిదు మిల్లీగ్రాములు తేడా ఉంటే, గాలి ఇచ్చే శక్తి అంతే ఉందనుకుంటే వేగం అర శాతం మారుతుంది. అప్పుడు దిగడంలో తేడా ఒక శాతం, అంటే 0.17 మిల్లీమీటర్లు. ఇది ఒక దశాంశానికి కావలసిన పావు మిల్లీమీటరు కంటే తక్కువ. పేరున్న సంస్థల పోటీ పెల్లెట్లలో బరువు తేడా సాధారణంగా అంత కూడా ఉండదు. అందుకని బరువు తూచే గంటల సమయాన్ని స్కర్ట్‌లు చూడడానికీ లాట్ పరీక్షకూ పెట్టమనే నేను చెబుతాను. చౌక పెల్లెట్లతో జిల్లా స్థాయి పోటీకి వెళ్లక తప్పనివారికి మాత్రం తూచడం వల్ల కొంత లాభం ఉంటుంది.

పెల్లెట్లను కడిగి, నూనె పట్టించే అలవాటు కూడా కొందరిలో ఉంది. పోటీ పెల్లెట్లకు తయారీలోనే సన్నటి పూత ఉంటుంది. కడిగితే అది పోయి సీసం త్వరగా తెల్లబడుతుంది, మీరు పట్టించే నూనె ఒక్కో పెల్లెట్‌కు ఒక్కోలా అంటుతుంది. పెల్లెట్లన్నీ ఒకేలా ఉండాలన్నదే మన తపన అయినప్పుడు ఆ పని మానడమే మేలు.

మూడో దశ: వైస్‌లో బిగించి కాల్చడం

మనిషి చేతి మీద పరీక్ష పెడితే తేలేది షూటర్ నైపుణ్యం, పెల్లెట్ గుణం కాదు. రైఫిల్‌ను వైస్‌లో బిగించాలి. బల్ల కదలకుండా గోడకో నేలకో బోల్టులు వేయాలి. వైస్ దవడలు రైఫిల్ యాక్షన్ (పేల్చే యంత్రాంగం) ఉన్న గట్టి భాగాన్ని మాత్రమే పట్టుకోవాలి. బ్యారెల్‌ను పట్టకూడదు, గాలి సిలిండర్‌ను అసలే నొక్కకూడదు. బిగింపు సరిగా ఉందో లేదో తెలుసుకోవాలంటే, ఖాళీ ట్రిగ్గర్ అయిదారుసార్లు నొక్కి, ప్రతిసారీ సైట్ గుండా చూసి, గురి చెక్కుచెదరకుండా ఉందేమో గమనించండి. కొంచెం జరిగినా బిగింపు సరిచేశాకే ముందుకు వెళ్లాలి.

ఇది గాలి సిలిండర్ ఉన్న రైఫిళ్లకు చెప్పిన పద్ధతి. స్ప్రింగ్ రైఫిళ్లలో పిస్టన్ కదలిక వల్ల తుపాకీ ముందుకూ వెనక్కూ ఊగుతుంది కాబట్టి వైస్‌లో గట్టిగా బిగిస్తే అది సహజంగా పడే తీరు మారిపోతుంది. మన దగ్గర చాలామంది పిల్లలు స్ప్రింగ్ రైఫిల్‌తోనే మొదలుపెడతారు. వాళ్లు ఇసుక సంచి మీద అరచేయి పెట్టి, ఆ చేతి మీద రైఫిల్‌ను వదులుగా ఆనించి, ప్రతి షాటుకూ అదే చోట ఆనేలా చూసుకుంటూ కాల్చాలి.

సిలిండర్ ఒత్తిడి పరీక్ష అంతటా తయారీదారు చెప్పిన పరిధిలో ఉండాలి. 200 బార్ నిండిన సిలిండర్‌ను చివరి దాకా వాడుతూ పరీక్షిస్తే, ఆఖర్లో వేసిన లాట్‌కు అన్యాయం జరుగుతుంది. సిలిండర్ మీద ముద్రించిన తేదీ నుంచి తయారీదారులు ఇచ్చే వాడకపు గడువు సాధారణంగా పదేళ్లు. పాత రైఫిల్ కొన్నవారు ముందుగా ఆ తేదీ చూసుకోవాలి, గడువు దాటితే దాన్ని నింపకూడదు.

పరీక్షకు ముందు బ్యారెల్‌ను నమ్దా గుళికలతో బ్రీచ్ (పెల్లెట్ ఎక్కించే వెనక భాగం) వైపు నుంచి శుభ్రం చేయండి. శుభ్రమైన బ్యారెల్‌లో మొదటి కొన్ని షాట్లు అటూ ఇటూ పడతాయి కాబట్టి ఇరవై షాట్లు లెక్కలోకి తీసుకోకుండా కాల్చండి. లాట్ మార్చిన ప్రతిసారీ కూడా కొత్త లాట్‌తో అయిదారు షాట్లు వదిలేసి ఆ తరువాతే గ్రూపు (ఒకే గురి మీద వరుసగా కాల్చి కొలిచే షాట్ల గుంపు) మొదలుపెట్టాలి. లేకపోతే వెనకటి లాట్ వదిలిన సీసం, పూత దీని ఫలితంలో కలుస్తాయి.

ఒక్కో లాట్‌కు పది షాట్ల గ్రూపులు నాలుగు చాలు, వదిలేసే షాట్లతో కలిపి డెబ్భై లోపే సరిపోతుంది. నాలుగింటినీ వరుసగా కాల్చకూడదు. క, గ, చ, ట అని లాట్లకు గుర్తులు పెట్టుకుంటే, మొదట క, గ, చ, ట వరుసలో ఒక్కో గ్రూపు, తరువాత ట, చ, గ, క వరుసలో, ఇలా ముందుకూ వెనక్కూ నడపండి. గది వేడెక్కినా, బిగింపు కొద్దిగా వదులైనా, ఆ ప్రభావం ఒక్క లాట్ మీదే పడకుండా అన్నిటికీ సమంగా పంచబడుతుంది. వదిలేసే షాట్లు పెరుగుతాయి కాబట్టి పెల్లెట్లు తక్కువగా ఉంటే ఒక్కో లాట్‌కు రెండు గ్రూపుల చొప్పున రెండు విడతలుగా కాల్చినా ఫరవాలేదు.

పెల్లెట్ ఎక్కించే తీరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రైమరు పనిముట్టు నేర్పిన పాఠం ఇక్కడే పనికి వస్తుంది. పెల్లెట్‌ను బ్రీచ్ ముందు పెట్టి లీవరుతో తోసేయడం కంటే, వీలున్న రైఫిళ్లలో బొటనవేలి కొసతో దాన్ని లోపలికి నొక్కి, స్కర్ట్ అంచు బ్రీచ్ ముఖంతో సమంగా వచ్చేదాకా చూడడం మంచిది. కొద్ది రోజుల్లోనే వేలికి తెలివి వస్తుంది. కొన్ని ఏ ఒత్తిడీ లేకుండా జారిపోతాయి, కొన్ని మొండికేస్తాయి, ఎక్కువభాగం మధ్యస్థంగా, ఒకే రకమైన బిగువుతో వెళతాయి. ఒక లాట్‌లో ఎక్కువ పెల్లెట్లు జారిపోతుంటే హెడ్ కొలత మీ బ్యారెల్‌కు చిన్నది, ఎక్కువ మొండికేస్తుంటే పెద్దది. పోటీలో అయితే చేతికి తేడాగా తోచిన పెల్లెట్‌ను తీసి పక్కన పెట్టి ఇంకొకటి వేసుకోండి. 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చే రౌండులో ఆ అయిదు సెకన్లు మీకు ఉన్నాయి.

నాలుగో దశ: కొలవడం, నిర్ణయించడం

ప్రతి గ్రూపునూ విడి టార్గెట్ మీద కాల్చి, దాని మీదే లాట్ గుర్తు, వరుస సంఖ్య రాయాలి. రంధ్రాల గుంపులో అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు అంచుల మధ్య కాలిపర్‌తో కొలిచి, దానిలోంచి 4.5 తీసేస్తే కేంద్రం నుంచి కేంద్రానికి దూరం వస్తుంది. కాగితం మీద రంధ్రం పెల్లెట్ కంటే కొద్దిగా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ అన్ని లాట్లకూ ఒకే తప్పు ఉంటుంది కాబట్టి పోలికకు భంగం రాదు. ఎలక్ట్రానిక్ టార్గెట్ అందుబాటులో ఉన్నవారికి ఈ శ్రమ ఉండదు.

ఈ అంకెలను స్కోరుగా మార్చి చూడండి. ఒక లాట్ 1 మిల్లీమీటరు గ్రూపు ఇస్తే, గురి సరిగ్గా కేంద్రం మీదే ఉన్నప్పుడు దాని పెల్లెట్లు కేంద్రం నుంచి దాదాపు అర మిల్లీమీటరు లోపే పడతాయి, అంటే పెల్లెట్ వల్ల 10.8 కంటే కిందికి రాదు. 3 మిల్లీమీటర్ల గ్రూపు ఇచ్చే లాట్‌లో అంచున పడేవి 1.5 మిల్లీమీటర్ల దూరానికి వెళతాయి, అంటే గురి తప్పు ఏమీ లేకుండానే 10.4 వస్తుంది. ఆ షాటు చూసిన షూటర్ తన ట్రిగ్గర్‌నో ఊపిరినో అనుమానించి, సరిగ్గా ఉన్నదాన్ని మార్చుకోవడం మొదలుపెడతాడు. చెడ్డ పెల్లెట్ వల్ల పోయే దశాంశాల కంటే ఈ నష్టమే పెద్దదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ముఖ్యంగా పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల విషయంలో.

ఒక్క అద్భుతమైన గ్రూపును చూసి మోసపోకండి. నాలుగు గ్రూపుల సగటు చూడండి, ఆ తరువాత నాలుగింటిలో అతి పెద్దది ఎంతో చూడండి. సగటు కొంచెం ఎక్కువైనా నాలుగూ ఒకేలా ఉన్న లాట్, మూడు చిన్నవి, ఒకటి పెద్దది ఇచ్చిన లాట్ కంటే నమ్మదగినది. దూరంగా పడ్డ ఒక షాటును, ఏదో జరిగి ఉంటుందని కొట్టివేయడం సరికాదు. షాటు కాల్చిన క్షణంలోనే, టార్గెట్ చూడకముందే, బల్ల కదిలిందనో చేయి తగిలిందనో పుస్తకంలో రాసి ఉంటేనే దాన్ని తీసేయాలి. రెండు లాట్ల మధ్య తేడా అర మిల్లీమీటరులో సగం కూడా లేకపోతే అవి సమానమే అనుకొని, చౌకగా, ఎక్కువ సంఖ్యలో దొరికేదాన్ని కొనండి.

ఎంత కొనాలన్నది మీ సాధనను బట్టి ఉంటుంది. రోజుకు 80 షాట్ల చొప్పున వారానికి అయిదు రోజులు కాల్చే షూటర్‌కు ఆరు నెలలకు పది వేలకు పైగా, అంటే ఇరవై ఒక్క డబ్బాలు కావాలి. అన్నీ ఖరీదైన లాట్‌లోనే కొనలేనివారు నిత్య సాధనకు చౌక రకం వాడుకొని, పోటీకి మూడు నాలుగు వారాల ముందు పరీక్షించిన లాట్‌కు మారవచ్చు. ఒక్క రోజు ముందు మాత్రం మారకండి. లాట్ మారితే తగిలే చోటు జరుగుతుంది, సైట్ తిరిగి సరిచేసుకోవాలి, ఆ పని హైదరాబాద్‌ గచ్చిబౌలి రేంజిలో పోటీ ఉదయం చేసుకునేది కాదు.

దాచడం, తీసుకువెళ్లడం

మన ప్రాంతపు ఎండలు పెల్లెట్లను పాడు చేయవు కానీ వానాకాలం చేస్తుంది. తేమ తగిలిన సీసం మీద తెల్లటి పొడి పుడుతుంది. ఆ పొడి విషం. డబ్బాలను మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. కొయ్య బీరువాల్లో, అట్టపెట్టెల్లో దాచడం మంచిది కాదు, వాటి నుంచి వచ్చే ఆమ్ల వాయువులు సీసాన్ని తినేస్తాయి. ఏసీ గది నుంచి తీసిన డబ్బాను వెంటనే తెరిస్తే చల్లటి లోహం మీద నీరు పడుతుంది, గది వేడికి వచ్చాకే తెరవాలి. ఎండలో నిలిపిన కారులో నింపిన సిలిండర్‌ను మాత్రం ఎప్పుడూ వదలకండి.

హనుమకొండ నుంచి హైదరాబాద్‌కు బస్సులో వెళ్లేటప్పుడు డబ్బాలో ఖాళీ చోటు ఉంటే, గతుకులకు పెల్లెట్లు ఒకదానికొకటి కొట్టుకొని స్కర్ట్‌లు దెబ్బతింటాయి. మూతకూ పెల్లెట్లకూ మధ్య స్పాంజి ముక్క పెట్టి కదలిక లేకుండా చేయండి. పోటీ రోజుకు కావలసిన వందో నూటయాభయ్యో ముందు రోజే చూసి, గుంటలున్న నురుగు ట్రేలో ఒక్కోదాన్ని ఒక్కో గుంటలో అమర్చుకుంటే, పోటీలో ఏరుకునే పని ఉండదు.

సీసం విషయంలో జాగ్రత్త

సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, దాని ప్రభావం పిల్లల మెదడు ఎదుగుదల మీద ఎక్కువ. పెల్లెట్లు ముట్టుకున్న చేతితో ఏమీ తినకూడదు, పెదవుల మధ్య పెల్లెట్లు పట్టుకునే అలవాటు ఉంటే ఆ రోజే మానిపించాలి. పని అయ్యాక సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కోవాలి. పరీక్ష చేసిన చోట చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి ఊపిరిలోకి వెళుతుంది, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను వేరుగా ఉతకాలి. ట్రాప్‌లోని సీసాన్ని వంటింటి చెత్తలో కలపకుండా డబ్బాలో పోగుచేసి, సీసం కొనే పాత సామాను వ్యాపారికి ఇవ్వండి. దాన్ని ఇంట్లో కరిగించే పని ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టుకోవద్దు.

పుస్తకంలో రాసి పెట్టుకోవలసినవి

తేదీ, గది వేడి, సిలిండర్ ఒత్తిడి, లాట్ సంఖ్య, నాలుగు గ్రూపుల కొలతలు, ఎక్కించేటప్పుడు వేలికి తెలిసిన బిగువు, చూసి తీసివేసినవి వందకు ఎన్ని అన్నది రాయండి. పరీక్ష టార్గెట్లను పారేయకుండా అదే పుస్తకంలో అతికించండి. ఒక లాట్ అయిపోవస్తున్నప్పుడు చివరి వంద పెల్లెట్లు కాల్చకుండా దాచుకోండి. కొత్త లాట్లను పరీక్షించే రోజు వాటినీ ఆ వరుసలోనే చేర్చి కాలిస్తే, గ్రూపు పెద్దదైనప్పుడు అది కొత్త పెల్లెట్ దోషమా, లేక ఈలోగా బ్యారెల్‌లోనో బిగింపులోనో వచ్చిన మార్పా అన్నది ఆ పాత పెల్లెట్ల గ్రూపును చూసి తేల్చుకోవచ్చు.